పదహారేళ్ళ కరాటే తర్వాత బాక్సింగ్ జిమ్‌లో ఐదు నెలలు

వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు ఉన్న ఒక చిన్న బాక్సింగ్ జిమ్ గురించి ఇది. పేరు రాయట్లేదు, రాయమంటారా అని అక్కడి కోచ్ సార్‌ని అడిగితే "వద్దు నాన్నా, బ్యాచ్‌కి పద్నాలుగు మందే, ఇంకా వస్తే నేను చూసుకోలేను" అన్నారు. కానీ ఏళ్ళ తరబడి కరాటేనో తైక్వాండోనో చేసి, ఇప్పుడు బాక్సింగ్ కూడా నేర్చుకుందామా అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కదా, మీ ఊళ్ళో ఏ జిమ్‌కి వెళ్ళినా ఏం చూసుకోవాలో దీన్నిబట్టి కొంత తెలుస్తుందని రాస్తున్నా.

నేను ఆరో క్లాసు నుంచి షోటోకాన్, అది కరాటేలో ఒక శైలి. అనకాపల్లిలో మొదలుపెట్టా, బ్లాక్ బెల్ట్ వచ్చి తొమ్మిదేళ్ళవుతోంది, టోర్నమెంట్లలో కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోటీ, బాగానే ఆడా. పోయినేడాది మా డోజోకి, అంటే కరాటే హాలుకి, కిక్‌బాక్సింగ్ చేసే కుర్రాడొకడు వస్తే సరదాగా స్పారింగ్ (ప్రాక్టీస్‌గా తలపడటం) చేశాం. నేను గ్యాకుజుకి, అంటే వెనక చేత్తో నేరుగా వేసే దెబ్బ, కొట్టా, శుభ్రంగా తగిలింది, తగలగానే నా ఒళ్ళు దానంతటదే ఆగిపోయింది. ఎందుకంటే ఇన్నేళ్ళూ అక్కడ రిఫరీ "యామే" (ఆగు) అంటాడు, పాయింట్ ఇస్తాడు, మళ్ళీ ఎవరి గీత దగ్గరికి వాళ్ళు వెళ్తారు, యూకో అయితే ఒక పాయింట్, వజారి రెండు, ఇప్పోన్ మూడు, ఆ లెక్క నరాల్లోకి ఎక్కిపోయింది. ఆ కుర్రాడికి ఆ లెక్క లేదు. నేను ఆగిన క్షణంలో మొహం మీద వరసగా మూడు పడ్డాయి, మూడోది హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసేది), అది ఎటు నుంచి వచ్చిందో కూడా నాకు కనపళ్ళేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, దెబ్బ వల్ల కాదు, నేను ఇన్నేళ్ళు నేర్చుకున్నదాంట్లో ఇంత పెద్ద ఖాళీ ఉందా అని.

మా కరాటే మాస్టారికి చెప్పడానికి వారం భయపడ్డా. ఆయన కోప్పడలేదు సరికదా, 1964లో బ్యాంకాక్‌లో జరిగిన సంగతి చెప్పారు. క్యోకుషిన్ అనే కరాటే శైలి వాళ్ళు ముగ్గురు లుంపినీ స్టేడియంలో ముయే థాయ్ (థాయ్ బాక్సింగ్) వాళ్ళతో తలపడ్డారు, ఇద్దరు గెలిచారు, మూడో ఆయన కురోసాకి మాత్రం మోచేతి దెబ్బకి ఓడిపోయారు. ఆయన ఆ ఓటమిని మర్చిపోకుండా థాయ్ వాళ్ళ పద్ధతి పట్టుకుని, తర్వాత టోక్యోలో మెజిరో జిమ్ పెట్టారు, ఇవాళ అందరూ చెప్పుకునే డచ్ కిక్‌బాక్సింగ్ మూలం అక్కడే ఉంది. "వెళ్ళు, కానీ అక్కడ నీ బెల్ట్ గురించి ఎవరికీ చెప్పకు" అన్నారు మాస్టారు.

చెప్పలేదు. రెండో రోజుకే సార్ కనిపెట్టేశారు. బ్యాగ్ కొడుతుంటే వెనక నుంచి చూసి "కరాటేనా?" అన్నారు. ఎలా తెలిసింది సార్ అంటే నా వెనక కాలు చూపించారు. మనకి షోటోకాన్‌లో గ్యాకుజుకి కొట్టేటప్పుడు వెనక మడమ నేలకి అంటుకుని ఉండాలి, లేస్తే మాస్టారు బెత్తంతో తట్టేవారు. బాక్సింగ్‌లో సరిగ్గా తలకిందులు, మడమ లేచి పాదం ముందు భాగం మీద తిరగాలి, అప్పుడే నడుం పూర్తిగా తిరిగి భుజం ఇంకో నాలుగంగుళాలు ముందుకెళ్తుంది. మడమ అతికించుకుని ఆ స్పీడ్‌లో తిరిగితే ఆ తిప్పుడంతా మోకాలు మీద పడుతుంది, మొదటి రెండు వారాలు నాకు మోకాలు నొప్పి అందుకే.

ఈ జిమ్ నాకు ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి. దీనికి ముందు ఇంకో చోట ట్రయల్ క్లాస్‌కి వెళ్ళా, అక్కడ కోచ్ నేను కరాటే అని వినగానే "అదంతా మర్చిపో, డాన్స్ అది" అన్నాడు, నలుగురి ముందు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఈ సార్ అలా కాదు, మొదటి వారం నన్ను ఏమీ మార్చమనలేదు, చూస్తూ ఉన్నారు, వారం తర్వాత కూర్చోబెట్టి ఏవి ఉంచాలో ఏవి తియ్యాలో చెప్పారు. దూరం నీకు బాగా తెలుసు, అది ఉంచు. దూరం నుంచి ఒక్క అడుగులో లోపలికొచ్చే స్ట్రెయిట్ (నేరు దెబ్బ) ఉంచు, ఇక్కడ పిల్లలెవరికీ అది అలవాటు లేదు. మణికట్టు నిటారుగా ఉంది, దాన్ని ముట్టుకోకు. తియ్యాల్సింది మూడు: నడుం దగ్గరికెళ్ళే చెయ్యి, పైకి లేచి ఉండే గడ్డం, కొట్టాక ఆగడం.

నడుం దగ్గరికెళ్ళే చెయ్యి అంటే హికితే. ఒక చేత్తో కొడుతుంటే రెండోది తుంటి దగ్గరికి లాక్కోవడం, కతాలో, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికల్లో, వేలసార్లు చేసింది. ఎదుటివాడి చెయ్యి పట్టి లాగేటప్పుడు దానికి అర్థం ఉంది, గ్లవ్స్ వేసుకున్నాక పట్టుకునేది ఏమీ లేదు, మొహం ఖాళీగా మిగులుతుంది. ఇది పోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, అలిసిపోతే ఇప్పటికీ వస్తుంది. సార్ ఏం చేశారంటే కుడి చెవికీ గ్లవ్‌కీ మధ్య చిన్న టవల్ పెట్టి ఎడమ చేత్తో జాబ్ (ముందు చేత్తో వేసే నేరు దెబ్బ) మాత్రమే వెయ్యమన్నారు, టవల్ కింద పడితే రౌండ్ మళ్ళీ మొదట్నుంచి. గడ్డానికి టెన్నిస్ బాల్. గడ్డం కింద బాల్ నొక్కిపట్టి మూడు నిమిషాల షాడో, అంటే ఎదుట ఎవరూ లేకుండా గాల్లో కొట్టడం, వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఒళ్ళు నిటారుగా పెట్టడం పదహారేళ్ళు నేర్చుకున్నవాడికి ఆ మూడు నిమిషాలు చాలా పెద్దవి.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి భుజం ఎత్తులో తాడు కట్టి ఉంటుంది, దాని కింద నుంచి ఇటూ అటూ వంగుతూ అడుగు అడుగు ముందుకెళ్ళాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ తాడే. కరాటేలో మనం వెనక్కి తప్పుకుంటాం లేదా చేత్తో ఆపుతాం, తల కదిపి దెబ్బ పక్కనుంచి పోనిచ్చి అక్కడే నిలబడటం అనేది లేదు. హుక్ కూడా కతాలో ఉంది, టెక్కీ షోదాన్‌లో కగిజుకి చేస్తాం కదా, కానీ కుమితేలో దాన్ని ఎవరం వాడం, అందుకే ఎదురైతే కంటికి ఆనదు.

స్పారింగ్ విషయంలో ఈ జిమ్‌కి పూర్తి మార్కులు. మొదటి ఆరు వారాలు స్పారింగ్ లేదు, ఎన్ని బెల్టులున్నా లేదు. ఆ తర్వాత శనివారం మాత్రమే, 16 ఔన్సుల గ్లవ్స్, మౌత్‌గార్డ్ లేకపోతే తాళ్ళ లోపలికి రానివ్వరు. గట్టిగా కొట్టడం మొదలుపెడితే సార్ ఆపేస్తారు, ఎవరికైనా తలనొప్పి అంటే ఆ రోజు ఇంటికి పంపించి డాక్టర్ సరే అనేదాకా స్పారింగ్‌లోకి దింపరు. హెడ్‌గార్డ్ పెట్టుకున్నాం కదా అని ధైర్యం వద్దు, అది మొహం చీలకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. రియో ఒలింపిక్స్ నుంచి మగవాళ్ళు అది లేకుండానే ఆడుతున్నారు. దయచేసి ఈ ఒక్కటి మాత్రం ఎక్కడ చేరినా అడగండి, మొదటి వారంలోనే స్పారింగ్‌కి దింపే చోట చేరొద్దు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, వైజాగ్ ఉక్కపోత సంగతి తెలిసిందే, ఏప్రిల్‌లో ఉదయం ఆరున్నరకే టీషర్ట్ పిండుకోవాల్సి వచ్చేది. అక్కడుండే గ్లవ్స్ అందరూ వేసుకునేవి, తడి ఆరవు, సొంతవి కొనుక్కోండి, చేతులకి చుట్టుకునే బ్యాండేజ్ 180 అంగుళాలది తీసుకోండి, పొట్టిది మణికట్టుకి సరిపోదు. నా బరువు వాళ్ళు బ్యాచ్‌లో ఇద్దరే, వాళ్ళు రాకపోతే శనివారం వృథా. సాయంత్రం బ్యాచ్‌లో చిన్నపిల్లలు ఎక్కువ, పెద్దవాళ్ళు ఉదయం రావడమే నయం. అమ్మాయిలు ఐదుగురు ఉన్నారు, గోడ మీద నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ ఫొటో, పక్కనే మన విశాఖ బాక్సర్ ఉష గారిది, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చిందే ఆవిడ. ఆ ఐదుగురిలో ఇంటర్ చదివే పిల్ల ఒకమ్మాయి రోజూ ఆ రెండు ఫొటోల కిందే స్కిప్పింగ్ చేస్తుంది, ఇంకోచోట చెయ్యదు.

మరి కరాటే ఏమైంది అంటే, మధ్యలో దెబ్బతింది, దాచను. రెండో నెలలో కతా చేస్తుంటే మాస్టారు ఆపేసి "మడమ లేస్తోంది, హికితే సగంలో ఆగిపోతోంది" అన్నారు. అప్పట్నుంచి రోజులు విడదీశా: సోమ, బుధ, శని బాక్సింగ్, మంగళ, ఆదివారాలు డోజో, ఒకే రోజు రెండూ పెట్టను. డోజోలో మొదటి పావుగంట నెమ్మదిగా కిహోన్ (ప్రాథమిక కదలికలు) మాత్రమే, ఒళ్ళు ఏ ఇంట్లో ఉందో దానికి గుర్తు చెయ్యడానికి. ఇప్పుడు కుదురుకుంది. కుమితేలో తేడా బాగా తెలుస్తోంది, పాయింట్ కొట్టాక కూడా చెయ్యి పైనే ఉంటోంది, ఎదుటివాడు దూకితే వెనక్కి మూడడుగులు పరిగెత్తకుండా పక్కకి ఒక్కడుగు వేసి కొడుతున్నా. బాక్సింగ్‌లోనూ అంతే, పోయిన శనివారం నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ అనుభవం ఉన్నతని మీదకి దూరం నుంచి ఒక్కసారి లోపలికెళ్ళి కుడిచేత్తో స్ట్రెయిట్ వేస్తే తగిలింది, రౌండ్ అయ్యాక అతనే వచ్చి ఆ అడుగు ఎలా వేశావు అని అడిగాడు, ఇద్దరం పావుగంట అదే చేస్తూ ఉండిపోయాం.

ఫీజు చేరేటప్పుడు 1,000, నెలకి 2,000, మూడు నెలలది ఒకేసారి కట్టమని ఒత్తిడి లేదు. ఉదయం బ్యాచ్ ఐదున్నరకి, ఐదు నిమిషాలు లేటైతే గేటు బయటే స్కిప్పింగ్, తాడు మీరే తెచ్చుకోవాలి.