ఫోన్‌లో కౌన్సెలింగా, ఎదురుగా కూర్చునా?

నాన్న పోయాక పెద్దకర్మ దాకా విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. మర్నాటికే ఖాళీ. అమ్మ మాత్రం అలవాటుగా ఇద్దరికీ టీ పెట్టి, రెండో గ్లాసు వైపు చూస్తూ కూర్చునేది.

నేను ముందు టెలీ మానస్‌కి, అంటే 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అర్ధరాత్రి దుఃఖం పొంగుకొచ్చినప్పుడు దీన్ని మించింది లేదు. మొహం కనబడదు కాబట్టి ఏడవడానికి మొహమాటం ఉండదు. కాకపోతే మళ్లీ చేస్తే మొన్నటి మనిషే దొరుకుతారని నమ్మకం లేదు.

ఎదురుగా కూర్చుంటే మన కథ తెలిసిన మనిషి ఒకరుంటారు. తర్వాత నేను కలిసిన కౌన్సెలర్ మొదటిరోజు సలహాలేమీ ఇవ్వలేదు. "నాన్నగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారమ్మా?" అని అడిగారు. అంతే, 40 నిమిషాలు నేనే మాట్లాడాను. గుమ్మం దగ్గర నాన్న చెప్పులు తీయలేకపోతున్నానంటే, "తీయాలని తొందరేముంది?" అన్నారు. చుట్టాలైతే "నువ్వే ధైర్యంగా ఉండాలి" అనేవారు!

ఫీజు, సెలవు తప్పవు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది కానీ, ఆ పేరు చెబితేనే మనవాళ్ల చూపు మారిపోతుంది.

కొత్త దుఃఖానికి ఫోన్ చాలనిపించింది. ఏడాది దాటినా రోజువారీ పనులు సాగకపోతే మాత్రం ఎదురుగా కలవాల్సిందే.

అమ్మ ఇంకా ఎక్కడికీ రానంటోంది. ఫోన్ స్పీకర్‌లో పెడితే మాత్రం పక్కన కూర్చుని వింటుంది.