మొసలి నోటి కారుతో రామప్ప దాకా

హనుమకొండలో మేము దిగిన లాడ్జిలో గది అద్దె రాత్రికి 1,850 రూపాయలు. దాని మీద కారుకు 300 చొప్పున ‘పాత బండ్ల చార్జీ’ అని విడిగా తీసుకున్నారు. పాత కార్ల కింద ఆయిల్ కారుతుందనీ, దాన్ని కడగడానికి మనిషిని పెట్టాల్సి వస్తుందనీ మేనేజరు చెప్పాడు. కారే మాట నిజమే కాబట్టి ఆ డబ్బు గురించి నాకు పేచీ లేదు. నా కోపమంతా ఆ రాత్రి మా బావ పాత కారు స్టాండర్డ్ హెరాల్డ్‌కు జరిగినదాని గురించే.

జనవరిలో ఒక శనివారం, పాత కార్లున్న ఏడు కుటుంబాలవాళ్లం కలిసి రామప్పకు వెళ్లి రావాలనుకున్నాం. నేను, అక్క, బావ కరీంనగర్ నుంచి ముందురోజు సాయంత్రమే చేరుకున్నాం. రేకుల షెడ్డు ఉందని ఫోన్లో చెప్పిన లాడ్జివాళ్లు, తీరా వెళ్లేసరికి దాని నిండా పెళ్లి కుర్చీలు పేర్చి, మా కార్లన్నింటినీ చింతచెట్టు కింద పెట్టించారు. తెల్లారేసరికి వాటి మీద కొంగల రెట్టలు. అవి కడిగితే పోయాయి. హెరాల్డ్ ముక్కు మీద పడిన సొట్ట మాత్రం కడిగితే పోయేది కాదు.

ఈ కారు బానెట్ అన్ని కార్లలా వెనక నుంచి లేవదు. రెండు మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా ఒకే మూతగా బంపరు దగ్గరి కీళ్ల మీద ముందుకు తెరుచుకుంటుంది. మా వీధి పిల్లలు దీన్ని మొసలి నోరు అంటారు. తెరవాలంటే తలుపుల దగ్గర రెండు పక్కలా ఉండే కొక్కేలు తీసి వెనక నుంచి ఎత్తాలి. ఆ సంగతి తెలియక, లాడ్జిలో కార్లు జరిపే కుర్రాడు తన స్నేహితులకు ఇంజన్ చూపించాలని నంబరు ప్లేటు పైన స్క్రూడ్రైవర్ దూర్చి పైకి పెకిలించాడు. రేకు వంగి, రెండంగుళాల మేర రంగు లేచిపోయింది. కుర్రాడు తప్పు ఒప్పుకున్నాడు. మేనేజరు మాత్రం ఆ సొట్ట ముందే ఉందన్నాడు. అక్క ముందురోజు సాయంత్రం తీసిన ఫొటో చూపిస్తే, అటు చూడకుండా పేపరు చదువుకున్నాడు. బావ టిఫిన్ ముట్టకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఇలాంటి బండితో వెళ్లేవాళ్లు షెడ్డును కళ్లతో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి, తాళం చెవి ఎవరి చేతికీ ఇవ్వకండి.

తొమ్మిదింటికి బయలుదేరాల్సినవాళ్లం ఆటోనగర్ దారి పట్టాం. మిగతా ఆరు బండ్లూ మా వెనకే వచ్చాయి. అక్కడ డెంటింగ్ పని చేసే పెద్దాయన బానెట్ ఎత్తించి, చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. రెండు పక్కలా రేకు అడ్డం లేకపోవడంతో ఇంజన్ మొత్తం ఆయన చేతికి అందుతోంది. "ఈ బుద్ధి ఇప్పటి కంపెనీలకు ఉంటే నా నడుము గిట్ల వంగకపోవు సార్" అన్నాడు. 1950లలో బాడీలు చేసిచ్చే సంస్థ పోటీ కంపెనీ చేతిలోకి పోవడం వల్ల బ్రిటన్‌లోని స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీవాళ్లు ముక్కలు ముక్కలుగా చేయించుకున్న రేకులను విడి ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీద బోల్టులతో బిగించి 1959లో ఈ కారును తెచ్చారనీ, మన దేశంలో దీన్ని మద్రాసులో తయారు చేసేవారనీ బావ చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి ఆయన నోరు విప్పింది అప్పుడే. పెద్దాయన లోపల దిమ్మె పెట్టి, పైన చిన్న సుత్తితో తడుతూ, ప్రతి నాలుగు దెబ్బలకూ ఒకసారి అరచేత్తో రేకును నిమిరి చూసుకున్నాడు. లప్పం గోరంత మాత్రమే వాడి, రంగు కలిపి కొట్టాడు. రెండు గంటల పనికి 600 రూపాయలు తీసుకున్నాడు. ఈ యాత్రలో అన్నిటికన్నా న్యాయంగా ఖర్చయిన డబ్బు అదే.

ఈలోగా మిగతా కార్ల చుట్టూ జనం చేరారు. నిజామాబాద్ దంపతుల మోరిస్ మైనర్ ట్రావెలర్ వెనక భాగానికి నిజంగానే చెక్క చట్రం ఉంటుంది. అది అలంకారం కాదు, పైకప్పు బరువును మోసేది ఆ చెక్కే. తనకు మెకానిక్ కన్నా వడ్లాయనతోనే ఎక్కువ పని పడుతుందనీ, వానాకాలంలో చెక్క ఉబ్బితే వెనక తలుపు పడదనీ ఆయన చెప్పాడు. దాని బానెట్ మధ్యలో పొడుగునా ఒక పట్టీ ఉంది. 1948లో ఈ కారు బయటికి రాకముందు, మరీ ఇరుకుగా కనిపిస్తోందని దీన్ని రూపొందించిన ఇసిగోనిస్ నమూనా బండిని నిలువునా రెండుగా కోయించి, నాలుగంగుళాలు ఎడం పెట్టించాడు. ఆ నాలుగంగుళాల గుర్తే ఆ పట్టీ. నేను దాని మీద వేలు పెట్టి చివరి దాకా నడిపి చూశాను.

ఒక ఫియట్‌కు ర్యాలీ బండ్లలాగా బానెట్ ఒక్కటే మెరుపు లేని నలుపు, దాని మీద అడ్డంగా తోలు పట్టీలు. ఎండ, లైట్ల వెలుగు బానెట్ మీద పడి డ్రైవరు కళ్లలోకి కొట్టకుండా ఆ నలుపు వేస్తారు. ఛాయ్ తెచ్చిన అబ్బాయి మాత్రం "రంగు పైసలు సగంలనే అయిపోయినయా అన్నా?" అని ఎంతో జాలిగా అడిగాడు. ఫియట్ యజమాని నవ్వి, వాణ్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి కారణం చూపించాడు.

రామప్ప దాకా సుమారు 70 కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా సాగాయి. ములుగులో 120 రూపాయల భోజనం బాగుంది. 1213 నాటి ఆ గుడి గురించి అందరూ రాశారు కాబట్టి నేను రాయను. కరీంనగర్ నుంచి మళ్లీ కరీంనగర్ దాకా పెట్రోలుకు 2,860 రూపాయలు అయింది.

శనివారం రాత్రి కాజీపేటలో 1,400 రూపాయల గది తీసుకున్నాం. అక్కడ షెడ్డు లేదని ముందే చెప్పారు. చీకటి పడ్డాక బావ కిందికి వెళ్లి చూస్తే, మంచు పడుతుందని వాచ్‌మన్ తన తాటిపత్రి తెచ్చి హెరాల్డ్ ముక్కు మీద కప్పుతున్నాడు. బావ అతనికి కొక్కేలు ఎక్కడుంటాయో చూపించి, బానెట్ అతని చేతే ఎత్తించాడు.