వైజాగ్ ఎత్తుపల్లాల్లో ఇద్దరికీ ఒకే స్కూటర్: నాలుగేళ్ళు వాడాక

స్కూటర్ గురించి ఎవరు రాసినా మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, డిస్‌ప్లేలో ఏమేం కనిపిస్తాయి అనే చెబుతారు. విశాఖపట్నంలో భార్యాభర్తలిద్దరూ ఒకే బండి మీద తిరగాలంటే ముందు చూడాల్సినవి ఇంకో మూడున్నాయని నా నమ్మకం. వెనక కూర్చునేవాళ్ళ సౌకర్యం, దిగుడులో బ్రేకులు, ఉప్పు గాలికి ఇనుము ఎంతకాలం నిలుస్తుందన్నది. మిగతావన్నీ ఆ తర్వాతే.

మాది 125 సీసీ పెట్రోలు స్కూటర్. బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం), ఫ్యూయల్ ఇంజెక్షన్, ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ బ్రేకు. పెళ్ళయిన ఏడాది కొన్నాం, నాలుగేళ్ళు దాటింది, మీటర్ ముప్పై వేల కిలోమీటర్ల పైనే చూపిస్తోంది. అందులో సగానికి పైగా ఇద్దరం కూర్చుని తిరిగినవే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఈ తరగతి బళ్ళన్నిటికీ వర్తిస్తాయి.

మేముండేది మురళీనగర్‌లో, అద్దె ఇంట్లో. మా ఆయనకు పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు ఉద్యోగం. కంపెనీ బస్సు ఎన్ఏడీ జంక్షన్‌లో ఎక్కాలి. నేను మహారాణిపేటలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్న షిఫ్టు, అంటే 'ఏ' షిఫ్టు వారమైతే ఇంకా తెల్లారకముందే ఇద్దరం బయల్దేరతాం. వెళ్ళేటప్పుడు ఆయన నడుపుతారు, వచ్చేటప్పుడు నేను. ఇంటికొచ్చి వంట, టిఫిన్ చూసుకుని అదే బండి మీద కంచరపాలెం, కాన్వెంట్ జంక్షన్ మీదుగా డ్యూటీకి వెళ్తాను. బీ షిఫ్టు అయితే తిరగబడుతుంది. రాత్రి పొద్దుపోయాక బస్సు దిగే వేళకు నేనే ఎన్ఏడీకి వెళ్ళి తీసుకొస్తాను. అంటే ఈ బండి రోజుకు రెండు చేతులు మారుతుంది. అయిదడుగుల రెండంగుళాల నాకూ, అయిదడుగుల పదంగుళాల ఆయనకూ ఒకే సీటు, ఒకే హ్యాండిల్, ఒకే స్టాండ్ సరిపోవాలి. షోరూంకి ఇద్దరూ వెళ్ళాలని చెప్పేది ఇందుకే. ఒక్కరు చూసి కొంటే రెండోవాళ్ళకు కాళ్ళు నేలకు ఆనవు, లేదంటే మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతాయి. మా బండికి సెంటర్ స్టాండ్ వెయ్యడం నాకు సులువే. బరువు 110 కేజీల లోపే కాబట్టి కాలితో తొక్కి వెనక్కి లాగితే నిలబడిపోతుంది.

వెనక సీటు సంగతి. నడిపేవాళ్ళకు ఎంత మెత్తగా ఉన్నా, వెనకున్నవాళ్ళు అరగంట దాటాక ఎలా దిగుతారన్నదే అసలు పరీక్ష. మా సీటు పొడవు బాగుంది. ఇద్దరి మధ్య నా హ్యాండ్‌బ్యాగు పెట్టుకున్నా ఇరుకనిపించదు. వెనక గ్రాబ్ రైలు గట్టిగా, పట్టుకోవడానికి వీలుగా ఉంది. పండగకి చీర కట్టుకుని పక్కకి కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. నచ్చనిది ఫుట్‌రెస్ట్. కాస్త ఎత్తులో ఉంటుంది. విజయనగరం నుంచి మా అత్తయ్యగారు వచ్చినప్పుడు సింహాచలం తీసుకెళ్తే, "ఏటమ్మా, కాళ్ళెక్కడ ఎట్టుకోవాలి?" అని అడిగారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ ఎత్తు నిజంగా కష్టం. ఇంట్లో పెద్దవాళ్ళను తిప్పే పని ఉంటే కొనేముందు వాళ్ళని ఒకసారి కూర్చోబెట్టి చూడండి.

ఇక ఎత్తులూ పల్లాలూ. విశాఖలో చదునైన రోడ్డు బీచ్ పక్కన తప్ప ఎక్కువ దూరం దొరకదు. మాధవధార వైపు కొండ కింది వీధులు, కైలాసగిరి ఘాట్, మల్కాపురం వైపు నుంచి యారాడ దిగే మలుపులు, అన్నీ బండిని పరీక్షించేవే. ఎక్కడంలో ఈ 125 నన్ను నిరాశపరచలేదు. ఇద్దరం, కాళ్ళ దగ్గర పాతిక కేజీల బియ్యం బస్తా ఉన్నా నింపాదిగా ఎక్కేస్తుంది. 110 సీసీ బండి మా చెల్లికుంది, అదే ఎత్తులో ఇద్దరితో బాగా మూలుగుతుంది. ధరలో తేడా కొద్దిగానే కాబట్టి వైజాగ్‌లో ఇద్దరికైతే 125 తీసుకోమనే చెబుతాను.

అసలు జాగ్రత్త దిగేటప్పుడు. గేర్ల బండి అయితే రెండో గేరులో పెట్టి దిగొచ్చు, ఇంజినే పట్టి ఉంచుతుంది. స్కూటర్లో గేర్లు మన చేతిలో ఉండవు. యాక్సిలరేటర్ వదిలేసి వేగం బాగా తగ్గితే లోపల క్లచ్ విడిపోతుంది, ఇక బండి దానంతటదే జారుతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. యారాడ దిగుడులో వెనక బ్రేకు ఒక్కటే అదేపనిగా పట్టుకుంటే డ్రమ్ వేడెక్కి వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. మేం చేసేదేమిటంటే, మలుపుకి ముందే వేగం తగ్గించి, రెండు బ్రేకులూ కలిపి కాసేపు పట్టి, వదిలి, మళ్ళీ పట్టడం. సగంలో ఒకచోట ఆపి కాస్త చల్లారనివ్వడం. ఇంజిన్ మాత్రం ఎప్పుడూ ఆపం. పెట్రోలు కలిసొస్తుందని ఆపి దిగేవాళ్ళని చూస్తే నాకు చాలా టెన్షన్‌గా ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బళ్ళకు కాంబీ బ్రేకు గానీ ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు) గానీ తప్పనిసరి. మాదాంట్లో కాంబీ ఉంది, ఎడమ బ్రేకు పడితే ముందుదీ కొంత పడుతుంది. వానలో దాని సాయం బాగా తెలిసింది. అయినా ముందు డిస్క్ ఉన్న మోడలే తీసుకోండి. నాలుగైదు వేలు ఎక్కువైనా ఈ ఊళ్ళో ఆ డబ్బు వృథా కాదు.

టైర్లలో గాలి విషయంలోనూ ఇద్దరి లెక్క వేరు. మా మాన్యువల్‌లో వెనక టైరుకి ఒక్కరైతే 29 పీఎస్ఐ, ఇద్దరైతే 36 అని ఉంది. బంకులో అందరికీ ఒకటే కొట్టేస్తారు, మనం చెప్పి కొట్టించుకోవాలి. వెనక టైరు పద్దెనిమిది వేల కిలోమీటర్ల దగ్గర మార్చాం. ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి చేర్చే బెల్టు, దాని రోలర్లు ఇరవై రెండు వేల దగ్గర. కంచరపాలెంలో మాకు తెలిసిన మెకానిక్ ముందే చెప్పాడు, "బెల్టు పోయే ముందు సౌండ్ మారిపోద్దమ్మా, అప్పుడే తెచ్చేయండి" అని. ఎత్తు ఎక్కేటప్పుడు కదిలిన తొలి క్షణంలో బండి వణకడం మొదలైంది. విప్పితే క్లచ్ షూ నున్నగా అయిపోయి ఉంది, బెల్టు అంచుల్లో చీలికలు వచ్చాయి. ఎత్తుల్లో ఇద్దరితో ఆపుతూ, లాగుతూ తిరిగే బండికి ఇది మామూలే అట. షోరూం సర్వీసులో మాత్రం ప్రతిసారీ అడగని పాలిష్, అడగని క్లీనింగ్ బిల్లులో చేరేవి. వారంటీ అయ్యేదాకా భరించి ఆ తర్వాత మానేశాం.

తుప్పు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ నుంచి రాసేవాళ్ళెవరూ దీన్ని పట్టించుకోరు. సముద్రపు గాలిలో ఉండే ఉప్పు ఇనుము మీద చేరి తేమను పట్టి ఉంచుతుంది. చూడ్డానికి ఆరినట్టే ఉన్నా లోపల తడి ఉంటుంది. రెండో ఏడాదికే సైలెన్సర్ కవచం దగ్గర బోల్టులు ఎర్రబడ్డాయి. తర్వాత స్టాండ్ స్ప్రింగు, నెంబర్ ప్లేటు మరలు, వెనక ఫుట్‌రెస్ట్ పిన్నులు, అద్దాల కాడలు. ఒక వానాకాలం తర్వాత ఫుట్‌రెస్ట్ తెరుచుకోనంతగా పట్టేసింది. ఇప్పుడు మా పద్ధతి ఇది. బీచ్ నుంచి వచ్చిన రోజు మంచినీళ్ళు ఒక బకెట్ తెచ్చి అడుగు భాగం, స్టాండు, సైలెన్సర్ చల్లారాక దాని చుట్టూ కడుగుతాం. ప్రెషర్ వాష్ వద్దు, నీళ్ళు బేరింగుల్లోకి, వైర్లలోకి పోతాయి. కడిగాక ఒక చుట్టు తిప్పి బ్రేకులు ఆరబెడతాం. స్ప్రింగులకి, పిన్నులకి పల్చగా ఆయిల్ రాస్తాం. డిస్కుకి, టైరుకి ఒక్క చుక్క కూడా తగలకూడదు. చిన్న చిన్న బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం, వందల్లోనే అయిపోయింది. సైలెన్సర్‌కి వేడి తట్టుకునే నల్ల రంగు ఏడాదికోసారి. ఇంకొక మాట, రెగ్జిన్ కవరు కప్పకండి. రక్షణ అనుకుంటాం గానీ తేమను లోపలే బంధిస్తుంది. నీడ ఉంటే బండి ఊరికే వదిలేయడమే మేలు. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం చెట్టు కింద ఉంచం, మెట్ల కింద పెట్టేస్తాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చేసింది చూసినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆదివారాలు ఈ బండికి ఎక్కువ పని. ఇద్దరికీ సెలవు కలిసిన వారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ చికెన్‌తోనే సరి. చేపలు డిక్కీలో పెట్టొద్దు. సీటు కింద ఇంజిన్ వేడి తగులుతుంది, వాసన కూడా రోజుల తరబడి వదలదు. ముందున్న కొక్కేనికి సంచి తగిలించడమే మంచిది. సింహాచలం దగ్గర కొన్న సంపెంగలు కూడా డిక్కీలో వాడిపోతాయి, నేను చేతిలోనే పట్టుకుంటాను. మందులు, చాక్లెట్లు కూడా అంతే. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ వేళ మాత్రం మా వైపు రోడ్లన్నీ నడిచే భక్తులతో నిండిపోతాయి, బండి ఇంట్లోనే ఉంటుంది. ఆ 32 కిలోమీటర్లు మేమూ నడుస్తాం.

మాకు బాగా ఇష్టమైనది భీమిలి రోడ్డు. తెన్నేటి పార్కు, సాగర్‌నగర్, రుషికొండ దాటాక ఒకపక్క సముద్రం, ఇంకోపక్క తొట్లకొండ, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. ఎండాకాలమైతే దారిలో తాటి ముంజలు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చుని, డచ్చివాళ్ళ సమాధుల పక్కనుంచి తిరిగొస్తాం. యాభై, అరవై మధ్య వేగంలో బండి హాయిగా సాగుతుంది, లీటరుకి యాభై దగ్గరికి వస్తుంది. ఊళ్ళో ఇద్దరితో నలభై రెండు, నలభై నాలుగు. సాయంత్రం పక్కగాలి గట్టిగా వీస్తే బండి తేలికై ఊగుతుంది, అప్పుడు వేగం తగ్గించక తప్పదు. హెడ్‌లైటు ఊళ్ళో చాలు గానీ ఆ రోడ్డు మీద చీకట్లో, అందులోనూ వానలో, తెల్లటి వెలుగు సరిగా ఆనదు. అందుకే చీకటి పడకముందే తిరిగి ఆర్కే బీచ్ చేరి, ముంత మసాలా తిని ఇంటికి వస్తాం.

అరకు ఇద్దరూ ఈ స్కూటర్ మీద వెళ్ళొచ్చా అని చాలామంది అడుగుతారు. దూరం వంద కిలోమీటర్ల పైన, అనంతగిరి ఘాట్ దిగుడు పొడవు. పైన చెప్పిన బ్రేకుల కారణంగా నేను వద్దంటాను. కిరండూల్ రైలుంది, అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది, సొరంగాలు దాటుతూ ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ వెళ్ళొచ్చు.

హెల్మెట్ల గురించి కూడా చెప్పాలి. వెనకున్నవాళ్ళకూ తప్పనిసరి, అదే సరైనది. డిక్కీలో ఒక్కటే పడుతుంది. రెండోదాన్ని సీటు కింది కొక్కేనికి తగిలించి సీటు మూసేయొచ్చు, కానీ వానకి తడుస్తుంది. చాలా కంపెనీలు ఇద్దరు ఎక్కే బండిని అమ్ముతూ ఒక్క హెల్మెట్‌కే చోటివ్వడం నాకు బొత్తిగా నచ్చని విషయం.

రెండో బండి కొనమని ఇంట్లోవాళ్ళు, ఆఫీసులో స్నేహితులు చెబుతూనే ఉన్నారు. ఆలోచించి వద్దనుకున్నాం. ఈఎంఐ ఒక కారణమే. ఇంకోటి, షిఫ్టుల వల్ల మాకిద్దరికీ కలిసి మెలకువగా ఉండే గంటలు తక్కువ. ఎన్ఏడీ దాకా వెళ్ళే దారిలో కరెంటు బిల్లు నుంచి వాళ్ళ తమ్ముడి ఉద్యోగం దాకా అన్నీ మాట్లాడుకుంటాం. చెరో బండి ఉంటే ఆయన దాన్ని బస్సు దగ్గర పార్క్ చేసి వెళ్ళిపోతారు, ఆ మాటలకు వేరే చోటు మాకు లేదు. ఇద్దరూ ఒకే వేళకి వేర్వేరు దిక్కులకు వెళ్ళాల్సిన ఇళ్ళలో ఇది కుదరదు, వాళ్ళకి రెండు బళ్ళు కావాల్సిందే. ఎలక్ట్రిక్ కూడా చూశాం గానీ అద్దె ఇంట్లో కింద ఛార్జింగ్ పాయింట్ పెట్టించుకోవడానికి యజమాని ఒప్పుకోలేదు.

ఇప్పుడు సీటు కుట్టు ఒకపక్క ఊడి వాన నీళ్ళు స్పాంజిలోకి దిగుతున్నాయి, వచ్చే జీతానికి కవరు మార్పించాలి. బ్యాటరీ కూడా పొద్దున్నే సెల్ఫ్‌కి బద్ధకిస్తోంది, కిక్ ఉండటం మంచిదైంది. ఈ మధ్య కొన్ని మోడళ్ళలో కిక్ తీసేస్తున్నారు. తెల్లవారుజామున బస్సు అందుకోవాల్సిన ఇల్లయితే కిక్ ఉన్నదే తీసుకోండి.