వండర్ 4: ఒక్క బటన్, నాలుగు ఆటలు, నాలుగు బెట్లు

లాస్ వేగాస్ వెళ్లిన మనవాళ్లలో "బఫెలో!" అని అరిచే స్లాట్ మెషీన్ (డబ్బు పెట్టి బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే జూదం పెట్టె) దగ్గర ఆగనివాళ్లు తక్కువ. ఆ బఫెలో ఆటనీ, దానిలాంటి ఇంకొన్ని ఆటల్నీ ఒకే తెర మీద నాలుగు కిటికీల్లో ఒకేసారి ఆడించే మెషీన్ వండర్ 4. తయారుచేసింది అరిస్టోక్రాట్, 1953లో ఆస్ట్రేలియాలో పుట్టిన కంపెనీ. నేను పగలంతా స్క్రీన్లు డిజైన్ చేసి బతికేవాణ్ని. కాబట్టి ఈ రివ్యూలో సగం ఆటగాడి గోల, సగం తోటి పనివాడి గోల.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. ఏ కిటికీలో ఏ ఆట కావాలో మనమే ఎంచుకోవచ్చు. తలా ఒకటి పెట్టుకోవచ్చు, నాలుగింట్లోనూ బఫెలోనే పెట్టుకోవచ్చు. నేను నాలుగూ బఫెలోనే పెట్టాను. ఒక్క బఫెలోలో అయిదు రీల్స్, అంటే బొమ్మలు తిరిగే నిలువు పట్టీలు, ఒక్కో రీల్‌కి నాలుగు బొమ్మలు. అంటే ఒక్క నొక్కుకి తెర మీద 80 బొమ్మలు గిర్రున తిరుగుతాయి. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి స్క్రీన్ గీసుకొస్తే అక్కడే చించేస్తాం. ఇక్కడ మాత్రం కన్ను తడబడదు. బఫెలోలో బొమ్మలు ఫలానా గీత మీదే పడాలన్న గొడవ లేదు, ఎడమ నుంచి కుడికి పక్కపక్క రీల్స్‌లో ఒకే బొమ్మ ఎక్కడ పడినా లెక్కే. అయిదు నాలుగుల్ని ఒకదానితో ఒకటి హెచ్చిస్తే వచ్చే 1024 గెలుపు దారులు అవే. ఏది గెలిచిందో మనం వెతుక్కోనక్కర్లేదు, గెలిచిన బొమ్మలే కదిలి చూపిస్తాయి. మనం చూడాల్సిందల్లా బంగారు నాణేల కోసమే. ఒక కిటికీలో మూడు పడితే ఎనిమిది ఫ్రీ స్పిన్లు, అంటే బెట్ లేకుండా తిరిగే ఆటలు. పై కిటికీలో రెండు నాణేలు పడి మూడోదాని కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, కింద మూలన ఇంకో కిటికీలో ఏదో తగిలి టింగుమంటుంది. చూపు అటు తిప్పేలోపు ఇక్కడ మూడో నాణెం రాలేదన్న సంగతే మర్చిపోతాం. ఒకే ఆట ఆడేటప్పుడు ఓటమి కాసేపు మన ముందు నిలబడుతుంది. ఇక్కడ దానికి నిలబడే చోటే లేదు. ఇది చేసినవాళ్లు మామూలోళ్లు కాదు.

సూపర్ ఫ్రీ గేమ్స్ అని పెద్ద బోనస్ ఒకటుంది. నాకు రాలేదు, దాని గురించి ఇంకెవరైనా రాయాలి.

నాతో వచ్చిన మా బావమరిది పక్కనే నిలబడి, "నాలుగింట్లో ఏదో ఒకదాంట్లో తగలదా ఏంటి బావా?" అన్నాడు. తగులుతుంది, కిటుకంతా అక్కడే ఉంది. ఒక్కో ఆటలో మూడు స్పిన్లకోసారి ఎంతో కొంత వస్తుందనుకుందాం. అప్పుడు నాలుగు కిటికీల్లో కనీసం ఒకదాంట్లో తగిలే అవకాశం 80 శాతం. అంటే దాదాపు ప్రతి నొక్కుకీ ఏదో మోత, ఏదో వెలుగు. కానీ కిటికీకి 40 సెంట్ల చొప్పున నొక్కుకి పెట్టింది డాలరున్నర పైమాటే. వచ్చింది 50 సెంట్లు. మెషీన్ మాత్రం గెలిచారంటూ పాట పాడుతుంది. మన సంక్రాంతి గుండాటలో నాలుగు బొమ్మల మీదా డబ్బు పెట్టి, ఒకదాని మీద వచ్చిందని గంతులేసినట్టే.

అసలు లెక్క చెప్తాను. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం నిబంధన ప్రకారం మెషీన్ దీర్ఘకాలంలో కనీసం 75 శాతం తిరిగివ్వాలి. మనం ఉదారంగా 90 అనుకుందాం. ఆరు సెకన్లకో స్పిన్ అంటే గంటకి 600. ఒకే కిటికీ ఆడితే గంటలో 240 డాలర్ల బెట్లు పడి, సగటున 24 పోతాయి. నాలుగూ ఆడితే 960 డాలర్ల బెట్లు పడి 96 పోతాయి. శాతం మారలేదు, వేగం మారింది. నాలుగు కిటికీలు ఒకదాని నష్టాన్ని ఒకటి పూడుస్తాయని చాలామంది నమ్మకం. అలా ఏం లేదు, ఏ కిటికీ ఫలితం దానిదే. బటన్ నొక్కిన క్షణంలోనే కంప్యూటర్ అంకెలు తీసేస్తుంది, ఆ తర్వాత రీల్స్ తిరగడమంతా ముస్తాబు. రీల్ ఎక్కడ ఆగాలో అంకెలతో నిర్ణయించే పద్ధతికి ఇంగె టెల్నెస్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1984లోనే.

బ్రిటన్ వాళ్లు దీన్ని సీరియస్‌గా పట్టించుకున్నారు. అక్కడి ఆన్‌లైన్ స్లాట్లలో ఒకేసారి పలు ఆటలు ఆడించే సదుపాయం, పెట్టినదానికన్నా తక్కువ వచ్చినా గెలిచినట్టు సంబరం చేసే మోత, రెండూ 2021 నుంచి కుదరవు. క్యాసినోలో నిలబెట్టిన పెట్టెలకి ఆ నియమం లేదు. ఉంటే బాగుండేదనే నా అభిప్రాయం.

పనివాడిగా ఇంకో మాట. ఒకే పెట్టెలో పలు ఆటలు పెట్టడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఐజీటీ కంపెనీ గేమ్ కింగ్ అనే మెషీన్‌లో పోకర్ రకాలు బోలెడుంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారొచ్చు. ఆ మార్పుల్లోనే ఒకప్పుడు లొసుగు దాక్కుని ఉండేది. చిన్న బెట్‌తో గెలిచి, వేరే ఆటకి వెళ్లి, నాణెం విలువ పెంచి తిరిగొస్తే, పాత గెలుపుని కొత్త విలువతో మళ్లీ చెల్లించేది. 2009లో ఒక ఆటగాడు అది పట్టేశాడు. ఫెడరల్ కేసు కూడా పెట్టారు, చివరికి 2013లో విరమించుకున్నారు. ఒక ఆట వదిలిన ఎంగిలి ఇంకో ఆటకి అంటకుండా చూడటం ఎంత టెన్షనో మా టెస్టింగ్ వాళ్లని అడగండి.

అందంగా కనిపించడానికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, జేబు సంగతికొస్తే ఒకటిన్నర. ఆడాలనుకుంటే మాత్రం బెట్ అంకెని నాలుగు కిటికీలకీ కలిపి చూసుకోండి, ఒక్క కిటికీది చూసి మోసపోకండి. డిజైనర్లకి నా కోరిక ఒక్కటే. గెలుపు అంకె పక్కన ఈ నొక్కుకి నికరంగా ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఇంకో అంకె పెట్టండి. అంత తెర ఉంది, దానికి చోటు లేకపోదు.