డైక్లోఫెనాక్‌కు తోడు గ్యాస్ మాత్రా, లేక ఎటోరికాక్సిబా: కడుపుకు ఏది మేలు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో (కీళ్లవాతంతో) ఏళ్లుగా బాధపడేవాళ్లకు కడుపులో మంట, అల్సర్, రక్తం పోవడం లాంటివి వస్తే, చాలాసార్లు తప్పు జబ్బుది కాదు, నొప్పి మాత్రలది. వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఆపడమే డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్‌ల పని. చిక్కేమిటంటే కడుపు లోపలి పొరను కాపాడేవీ ప్రోస్టాగ్లాండిన్లే. ఈ మందులు పనిచేసే తీరును 1971లో బయటపెట్టిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది. మందు రక్తంలో కలిశాకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. అందుకే "మాత్ర పడదు, సూది వేయండి" అని అడిగి వేయించుకున్నా కడుపుకు ఒరిగేదేమీ లేదు.

నొప్పి మాత్ర తప్పనప్పుడు దార్లు రెండు. ఒకటి, డైక్లోఫెనాక్‌కు పాంటోప్రజోల్ లేదా ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర తోడు చేయడం. రెండు, కడుపు పొర జోలికి అంతగా పోని సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ లాంటి కాక్సిబ్ రకం.

అల్సర్ వల్ల ఒకసారి రక్తం పోయినవాళ్లలో ఈ రెండు దార్లనూ హాంకాంగ్‌లో పోల్చి 2002లో ఫలితం ప్రకటించారు. ఆరు నెలల్లో మళ్లీ రక్తస్రావమైనవాళ్లు సెలికాక్సిబ్ వైపు 4.9 శాతం, డైక్లోఫెనాక్-ఒమెప్రజోల్ వైపు 6.4 శాతం. చెప్పుకోదగ్గ తేడా కాదు. కడుపుతో ఆగకుండా పేగులనూ లెక్కలోకి తీసుకున్న 2010 నాటి అధ్యయనంలో మాత్రం కాక్సిబ్ స్పష్టంగా గెలిచింది: దెబ్బతిన్నవాళ్లు సెలికాక్సిబ్ వైపు 0.9 శాతం, డైక్లోఫెనాక్-ఒమెప్రజోల్ వైపు 3.8 శాతం. తేడా ఎక్కువగా కనిపించింది హిమోగ్లోబిన్ పడిపోవడంలో. గ్యాస్ మాత్ర చేసేది ఆమ్లాన్ని తగ్గించడం, చిన్నపేగులో పుండు పడటానికి ఆ ఆమ్లంతో పనిలేదు. అక్కడ రక్తం కొంచెం కొంచెంగా పోతుంటే మంట కూడా ఉండదు. ఎండోస్కోపీలో కడుపు శుభ్రంగా కనిపిస్తుంది. రక్తం తక్కువైందంటే "కీళ్లవాతం ఉన్నవాళ్లకు మామూలేలే" అని సరిపెట్టుకుంటారు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

కాబట్టి గుండె బాగుండి, బీపీ అదుపులో ఉంటే నా ఓటు కాక్సిబ్‌కే. అయితే ఆ షరతు చిన్నదేం కాదు. రోఫెకాక్సిబ్ అనే మరో కాక్సిబ్ కడుపుకు మేలని 2000లో తేలింది రుమటాయిడ్ రోగుల మీదే, గుండెపోట్లు ఎక్కువగా కనిపించిందీ అదే అధ్యయనంలో. 2004లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. అసలు ఈ జబ్బే గుండెకు ముప్పు. బీపీ అదుపులో లేకపోతే ఎటోరికాక్సిబ్ వద్దు. అలాగని డైక్లోఫెనాక్ గుండెకు మంచిదనుకోవద్దు, అదీ ఆ తానులో ముక్కే. ఆస్పిరిన్ కూడా వాడుతుంటే కాక్సిబ్ వల్ల కడుపుకు దక్కే లాభం చాలావరకు పోతుంది.

ఇదివరకే రక్తస్రావమైనవాళ్లకు నొప్పి మాత్ర తప్పకపోతే రెండూ కలపాలి: సెలికాక్సిబ్, దానికి గ్యాస్ మాత్ర. నొప్పి మాత్రతో పాటు స్టెరాయిడ్ నడుస్తుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది, డాక్టరుకు ఆ సంగతి మీరే గుర్తు చేయండి. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌తో జబ్బు అదుపులోకి వస్తే నొప్పి మాత్ర అవసరమే తగ్గుతుంది. దానికి వికారం, నోటిపూత ఉంటాయి, లివర్ పరీక్షలూ తప్పవు. అయినా కడుపు దృష్టితో చూస్తే ఈ దారే నయం.

గ్యాస్ మాత్ర టిఫిన్ అయ్యాక కాదు, అరగంట ముందు వేసుకోవాలి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే నొప్పి మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ మాత్రలతోనూ నలుపు వస్తుంది కానీ, ఆ తేడా తేల్చడం డాక్టరు పని.