ఆవ మొక్కా, వట్టివేరా, జామాయిలా: లోహాలు చేరిన నేలకు ఏది మేలు?

నేలలో చేరిన సీసం, కాడ్మియం, రాగి వంటివి ఎన్నేళ్లు గడిచినా కుళ్లి విరిగిపోయేవి కావు. కాబట్టి మొక్క చేయగలిగింది రెండే: వేరుతో పీల్చి ఆకులకు చేర్చి కోతతోపాటు బయటికి పంపడం, లేదా లోహాన్ని వేళ్ల దగ్గరే పట్టి ఉంచి, అది ధూళిగా లేవకుండా, వాన నీటితో బావుల్లోకి దిగకుండా అడ్డుపడటం. ఒకవైపు ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో కరువు, మరోవైపు కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట చవుడు ఉన్న మన ప్రాంతంలో, ఏ మొక్క ఎక్కువ లోహాన్ని లాగుతుందన్న దానికంటే ఏది బతికి నిలుస్తుందన్నదే ముందుగా చూడాలి.

లాగే మొక్కల్లో ఆవకు పేరెక్కువ. అయితే చిన్న లెక్క ఒకటి వేసి చూడవచ్చు. ఎకరం నేలలో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 1000 టన్నులు తూగుతుంది. అందులో కిలోకు 100 మిల్లీగ్రాముల మేర లోహాన్ని తగ్గించాలంటే మొత్తం 100 కిలోల లోహం బయటికి రావాలి. ఎండిన పైరు ఎకరానికి 4 టన్నులు వచ్చి, అందులో కిలోకు 100 మిల్లీగ్రాముల లోహం ఉందనుకున్నా, ఏడాదికి పోయేది 400 గ్రాములే; అంటే పని పూర్తి కావడానికి 250 ఏళ్లు. పదింతలు ఎక్కువ పీల్చే మొక్కకైనా పాతికేళ్లు పడుతుంది, అదీ ప్రతి ఏటా పైరు నిండుగా పండితేనే.

కరువు ఏడాది ఆ నిండుతనం ఉండదు. నేలలో తేమ తగ్గితే ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, నీటితోపాటు వేరుకు చేరే లోహమూ తగ్గుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో సీసం మట్టినే గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని కరిగించడానికి ఈడీటీఏ వంటి రసాయనం కలిపితే, మొక్క పీల్చుకోగా మిగిలినది కిందికి దిగుతుంది. నెల్లూరులో వాన ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య, తరచూ తుపానుతో ఒక్కసారిగా పడుతుంది కనుక, ఈ పద్ధతిని ఇక్కడ నేను సిఫారసు చేయను. చవుడు సంగతి వేరు: ఉప్పులోని క్లోరైడు కాడ్మియంతో కలిసి దాన్ని కరిగేలా చేస్తుంది కాబట్టి, మొక్క ఎదుగుదల కుంగినా ఆకులో కాడ్మియం పెరగవచ్చు. పొగాకు కూడా కాడ్మియాన్ని ఆకుల్లోకి బాగా లాగే మొక్కే, కానీ ఆ ఆకును మన దగ్గర ఎవరూ పారబోయరు.

వట్టివేరు ఈ లెక్కలో ఓడిపోతుంది, ఎందుకంటే అది పీల్చిన లోహంలో ఎక్కువ భాగం వేళ్లలోనే ఆగుతుంది. మన మెట్టలకు ఆ లోపమే మేలు: మేక కొరికే ఆకులో విషం తక్కువగా ఉంటుంది. అనువైన నేలలో వేళ్లు మూడు నాలుగు మీటర్ల లోతుకు దిగి, ఎండనూ కొంత ఉప్పునూ తట్టుకుంటాయి; దక్షిణాది రకం విత్తనం కట్టదు కనుక పక్క పొలంలోకి కలుపుగా పాకదు, పిలకలతోనే నాటుకోవాలి. అయితే అలాంటి నేలలో పెరిగిన వేళ్లను తవ్వి తడికెలకో షర్బత్‌కో అమ్మడం కూడదు.

జామాయిల్‌కు కలప ధర ఉండటం నిజమే. అది రాల్చే ఆకు మాత్రం లోతు నుంచి వచ్చిన లోహాన్ని మళ్లీ పైమట్టికే చేర్చవచ్చు; నీటి ఎద్దడి ఉన్న చోట దాని దాహం మరో భారం. థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గు బూడిదను నిల్వచేసే బూడిద చెరువు గట్టు బయట గాలికి అడ్డుగా వరుసలు వేయడానికి, అందులోనూ తీరంలో సరుగుడుకు, ఒప్పుకుంటాను.

కాబట్టి పాత రాగి తవ్వకాల మట్టిగుట్టకైనా, బూడిద పడిన చేనికైనా నా ఎంపిక వట్టివేరే. నీటి వసతి ఉండి, లోహం కొద్దిగానే ఉన్న చిన్న మడికైతే ఆవ వేయవచ్చు. కానీ ఆకు కూరకు పోకుండా, గింజ గానుగకు పోకుండా, ఎండిన కట్టె పొయ్యిలోకి చేరకుండా చూసే బాధ్యత ఎవరిదో విత్తకముందే తేలాలి. పిలకలను తొలి ఈశాన్య వానలతోనే నాటి, తొలి వేసవి గట్టెక్కేదాకా తడి ఇచ్చి, చుట్టూ ముళ్లకంచె వేయాలి.