అద్దె ఇల్లు ఎప్పుడు చూపించాలి: మనుషులు ఉండగానా, ఖాళీ అయ్యాకా?

నెల్లూరు వేదాయపాళెంలో మా మేడ మీద పోర్షన్‌లో ఉన్నవారు ఆషాఢం రాకముందే మారిపోతామన్నారు. ఇంకో నెల ఉంది. ఈలోపే కొత్తవారికి చూపించాలా, తాళంచెవి చేతికి వచ్చాకా? ఇంట్లో వారం నుంచి ఇదే చర్చ.

ఖాళీ ఇల్లు కంటికి బాగుంటుంది. రంగులు వేయించి, కుళాయిలు బాగుచేయించి చూపిస్తే గదులు విశాలంగా కనిపిస్తాయి. కానీ ఆషాఢంలో పాలు పొంగించడానికి ఎవరూ రారు. శ్రావణం దాకా తాళమే, అద్దె లేదు. ముందే చూసుకున్నవారైతే జ్యేష్ఠంలోనే పాలు పొంగించి, సామాను నెమ్మదిగా తెచ్చుకుంటారు.

కాపురం ఉన్న ఇంటిని చూస్తే వచ్చినవారికీ లాభమే. మంచం, బీరువా ఎక్కడ పడతాయో తెలుస్తుంది. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయో, మోటారు వేసే వంతు ఎవరిదో, తుపాను వానలకు ఏ గోడ చెమరుస్తుందో అక్కడ ఉన్నవారే చెప్పగలరు. ఆ మాటలకు భయపడే యజమాని ముందు గోడ బాగుచేయించుకోవాలి.

అయితే ఆ నెలంతా ఆ ఇల్లు వాళ్లది. ఒంగోలులో మేము అద్దెకున్నప్పుడు యజమాని చెప్పకుండా, సరిగ్గా అన్నాల వేళకు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చేవారు. మా అమ్మ కంచం పక్కనపెట్టి లేచేది. ఒకసారి ఎవరో మా బీరువా తలుపు కూడా తీసి చూశారు. అమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అద్దె సక్రమంగా కడుతున్నవారికి ఆటంకం కలగకూడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలంటుంది.

వాళ్లు లేనప్పుడు మారు తాళంచెవితో చూపించడం సులువు. దానికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. తర్వాత ఒక ఉంగరం కనిపించకపోతే ఎవరు ఎవరిని అనుమానించాలి?

బాలింతో, మంచాన పడ్డ పెద్దవారో, పరీక్షలకు చదివే పిల్లలో ఉంటే అద్దె పోయినా సరే, ఖాళీ అయ్యేదాకా ఆగాలి. లేదంటే ఉండగానే చూపించడం మేలు. ముందురోజు ఫోను చేయాలి, ఒక్కసారికి ఒక్క కుటుంబమే రావాలి, ఫొటోలు తీయకూడదు. ఆ నెల అద్దెలో కొంత తగ్గించడం కూడా న్యాయమే.

ఆదివారం ఉదయం అనుకుని మేడ మీద ఆవిడను అడిగాను. ఆ రోజు తలంట్లు, వంట ఉంటాయని, శనివారం నాలుగు దాటాక అయితే వీలని అన్నారు. మొదటి కుటుంబాన్ని శనివారమే రమ్మన్నాను.